కీర్తిశేషులు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారి జీవిత సంగ్రహము

మన మహాసభ జరుగునపుడెల్ల ప్రకటింపబడు సంచికయందు, మన కులమున జన్మించి దేశమునకు వన్నె దెచ్చిన పెద్దల చరిత్రము నొకదానిని చేర్చుట ఆచారముగా వచ్చుచున్నది. ప్రభువులను గూర్చియు, దాతలను గూర్చియు వ్రాయుట సుకరము. వారు కట్టించిన సత్రములును, త్రవ్వించిన చెరువులును, నెలకొల్పిన పాఠశాలలును కన్నులయెదుట నిలిచియుండును. ఈ యేట మేము వ్రాయబూనిన మహనీయుని సంపాదన అట్టిది కాదు. తెల్లని తెరపై రెండు మూడు గంటలు కదలాడి మాయమగు నీడలే వారి ఆస్తి. అయినను ఆ నీడలు తెలుగువారి మనస్సులలో నేటికిని చెదరక నిలిచియున్నవి. వారే వాహినీ సంస్థాపకులును, భారతదేశ చలనచిత్ర రంగమున అత్యున్నత సత్కారమైన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును దక్షిణదేశమునకు మొదటిసారి దెచ్చినవారును అగు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారు. లోకము వారిని బి. యన్. రెడ్డిగారని యెఱుగును.

జననము, కుటుంబము

నరసింహారెడ్డిగారు 1908వ సంవత్సరము నవంబరు 16వ తేదీన కడప జిల్లా పులివెందుల తాలూకాలోని కొత్తపల్లి గ్రామమున జన్మించిరి. వానకై ఆకాశమువంక చూచుచు కాలము గడుపు సీమ యది. దానికి నాడు దత్తమండలమని పేరు. నైజాము ప్రభువు కుంపిణీవారికి ఇచ్చివేసిన భూమి యను అవమానము ఆ పేరునందే యుండెను. 1928లో నంద్యాలలో సభ గూడిన పెద్దలు ఆ పేరును త్రోసిపుచ్చి రాయలసీమ యని క్రొత్తనామకరణము చేసిరి. నాటికి నరసింహారెడ్డిగారు ఇరువదియేండ్ల యువకులు. శ్రీకృష్ణదేవరాయల కాలమును తెరపైకి దింపవలెనను కోరిక ఆ సీమ బిడ్డకు కలుగుటలో వింత యేమియు లేదు.

వారిది వ్యవసాయముతోపాటు వర్తకమునందును ఆరితేరిన కుటుంబము. మదరాసునుండి ఉల్లిపాయలను బర్మాకు ఎగుమతి చేయు వ్యాపారము వారికుండెను. ఆ కారణముచేత కుటుంబము మదరాసులో కుదురుకొనెను. ఆ యింట బుట్టిన సోదరులు చలనచిత్ర చరిత్రయందు స్థిరమైన స్థానమును సంపాదించిరి. 1912లో జన్మించిన తమ్ముడు నాగిరెడ్డిగారు ముద్రణాలయమును వృద్ధిపఱచి, 1947 జూలైలో చందమామ మాసపత్రికను వెలువరించి, పిదప విజయా సంస్థాధిపతులై, 1986వ సంవత్సరపు ఫాల్కే పురస్కారమును పొందిరి. ఒకే తల్లి కడుపున బుట్టిన యిద్దఱికి ఆ గౌరవము దక్కుట మనమెల్లరము గర్వింపదగిన విషయము. మఱియొక సోదరులు కొండారెడ్డిగారు ఛాయాగ్రాహకులై అన్నగారి చిత్రములకు పనిచేసిరి.

చలనచిత్ర రంగ ప్రవేశము

నేటి యువకులకు ఆనాటి స్థితి తెలియుట అవసరము. 1930లలో గౌరవకుటుంబములవారు సినిమాయనిన మొగము చిట్లించుకొనుచుండిరి. నాటకశాలలోనికి పోవుటయే తప్పుగా నెంచు ఇండ్లలో, సినిమాలు తీయుదునని పిల్లవాడు పలికినచో తల్లిదండ్రులు తలలు పట్టుకొనుచుండిరి. పైగా ఆ కాలపు తెలుగు చిత్రములలో అధికభాగము పౌరాణికములు. నాటకసమాజములు ఆడిన పద్యనాటకములనే కెమెరా యెదుట మరల ఆడించుట పరిపాటిగా నుండెను. తీయుటకు కావలసిన స్టూడియోలు సైతము తొలుత కలకత్తాయందును, బొంబాయియందును, కొల్హాపూరునందును వెదకుకొనవలసి వచ్చెను.

అట్టి కాలమున, మొదటి తెలుగు టాకీయగు భక్త ప్రహ్లాదకు దర్శకులైన హెచ్. ఎం. రెడ్డిగారితో నరసింహారెడ్డిగారికి సాంగత్యము కలిగెను. వీరు భాగస్వాములుగా నున్న రోహిణీ సంస్థవారు 1938లో గృహలక్ష్మి యను సాంఘిక చిత్రమును తీసిరి. మద్యపానము, వేశ్యాలోలత్వము సంసారము నెట్లు కూల్చునో ఆ చిత్రము చూపెను. చిత్తూరు వి. నాగయ్యగారు తెరపైకి వచ్చినది అందులోనే. అక్కడ ధనలెక్కలు చూచుచుండిన తాడిపత్రివాస్తవ్యులు కదిరి వెంకటరెడ్డిగారును వీరికి ఆప్తులైరి. పనిని దగ్గఱనుండి చూచిన పిదప, తాము తలంచుకొన్న రీతి చిత్రములను తీయవలెనన్న తమదియగు సంస్థ యొకటి యుండవలెనని నరసింహారెడ్డిగారికి తోచెను.

వాహినీ సంస్థ స్థాపనము

అట్లు పుట్టినది వాహినీ పిక్చర్సు. దానికి ధనబలమై నిలిచినవారు అనంతపురము జిల్లాకు చెందిన వర్తకులు మూలా నారాయణస్వామిగారు. కదిరి వెంకటరెడ్డిగారు నిర్మాణ వ్యవహారములు చూచుకొనిరి. కెమెరాను కె. రామనాథ్‌గారును, కళను ఏ. కె. శేఖర్‌గారును వహించిరి. మాటలు, పాటలు సముద్రాల రాఘవాచార్యులుగారు కూర్చిరి. నాగయ్యగారు నటుడు, గాయకుడు, సంగీతజ్ఞుడు అన్నియు తామే యైరి. ఈ పేరులను మేము ఒక్కొక్కటిగా చెప్పుట కారణము లేక కాదు. వీరందఱు ఒక కులమువారు కారు, ఒక జిల్లావారును కారు, కొందఱి మాతృభాష తెలుగును కాదు. నరసింహారెడ్డిగారు మనుష్యులను ఎంచుకొనునపుడు పనితనము నొక్కదానినే చూచిరని మన సభవారు మఱవరాదు.

మొదటి మూడు చిత్రములు

1939లో వాహినీవారి మొదటి చిత్రము వందేమాతరము వెలువడెను. మంగళసూత్రమను పేరు కూడ దానికి జోడింపబడియుండెను. పరప్రభుత్వకాలమున వందేమాతరమను శబ్దమును ప్రకటన పత్రములపై ముద్రించుటయే సాహసము. పట్టము పుచ్చుకొనియు ఉద్యోగము దొరకని యువకుడు కథానాయకుడు. అతడు కట్నమునకాశపడక పేదపిల్లను పెండ్లాడును. ఆ పిల్ల అత్తవారింట పడిన పాట్లు, పట్నమున నిరుద్యోగి పడిన పాట్లు, లాటరీలో లభించిన ధనము తెచ్చిన మార్పులు, ఇవియే కథ. నాగయ్యగారును, కాంచనమాలగారును ఆ దంపతుల పాత్రలు ధరించిరి. దేవతలును రాక్షసులును లేని కథను, తమ వీధిలోని కథను తెరపై చూచి జనులు విస్మయము నొందిరి. అంతకు ముందటి యేడు గూడవల్లి రామబ్రహ్మముగారి మాలపిల్ల వచ్చియుండెను. ఆ రెండును కలిసి తెలుగు చిత్రమును పురాణములనుండి వీధిలోనికి నడిపించెనని చెప్పవచ్చును.

1940లో సుమంగళి వచ్చెను. బాల్యవైధవ్యమును, వితంతు వివాహమును అందలి విషయములు. నాగయ్యగారు ధరించిన సంస్కర్త పాత్రయందు కందుకూరి వీరేశలింగము పంతులుగారి ఛాయ జనులకు కానవచ్చెను. పంతులుగారు గతించి నాటికి ఇరువది యొక్క సంవత్సరములు. చట్టము వచ్చి ఎనుబది సంవత్సరములు దాటినను పెద్దకులములలో వితంతువుకు మరల పెండ్లి చేయుటకు జంకుచుండిన రోజులవి. 1941లో దేవత వచ్చెను. విలాయతీ చదువు చదివివచ్చిన సంపన్నుడు తన యింటి పనికత్తెను మోసపుచ్చి విడనాడుటయు, ఆమె అవమానమును తలదాల్చి తలయెత్తి నిలుచుటయు ఆ కథ. చిత్రమునకు దేవతయను పేరు ఆ పనిపిల్లను బట్టియే వచ్చెను. నాడు పెద్దయిండ్లలో జరుగుచు పైకి చెప్పబడని విషయమును వారు పెద్దయిండ్లవారి డబ్బుతోనే తీసి చూపిరి.

మూడేండ్లలో మూడు చిత్రములు తీసి, మూడింటను సంఘమునందలి కురుపులను వ్రేలెత్తి చూపిన దర్శకుడు ఆ కాలమున మఱియొకరు లేరనుట అతిశయోక్తి కాజాలదు.

యుద్ధకాలము, స్వర్గసీమ

1942లో జపానువారి విమానములు వచ్చునను భీతితో మదరాసు పట్టణము సగము ఖాళీ యయ్యెను. ఫిల్ము దొరకుట దుర్లభమై, ప్రభుత్వమువారు దాని నిడివికి హద్దు విధించిరి. ఆ సంకటసమయముననే వాహినీవారు భక్త పోతన తీసి 1943 ఆరంభమున విడుదల చేసిరి. నరసింహారెడ్డిగారు దాని దర్శకత్వమును తాము వహింపక కదిరి వెంకటరెడ్డిగారి చేతిలో పెట్టిరి. నాటివఱకు వెంకటరెడ్డిగారు ఏ చిత్రమునకును దర్శకత్వము వహించినవారు కారు. ఆ చిత్రము అఖండవిజయము నొందెను. పిమ్మట 1947లో వాహినీవారికే వెంకటరెడ్డిగారు యోగివేమన తీసిరి. పాతాళభైరవియు, మాయాబజారును సృష్టించిన ఆ ప్రతిభ నరసింహారెడ్డిగారి నీడన పెరిగినదని స్మరించుట ధర్మము. తనతో సమానుడు కాదగినవానికి తానే త్రోవ చూపుట ఏ వృత్తియందును అరుదైన విషయము.

1945 జనవరిలో స్వర్గసీమ విడుదలయ్యెను. చక్రపాణిగారి రచన. పత్రికాసంపాదకుడొకడు వీధిలో ఆడిపాడు సుబ్బి యను పిల్లను చూచి, ఆమెను సుజాతాదేవిగా, రంగస్థల తారగా తీర్చిదిద్దుటయు, ఆమె వ్యామోహమునబడి ఇల్లాలిని, బిడ్డలను విడుచుటయు, తుదకు బుద్ధిదెచ్చుకొనుటయు అందలి యితివృత్తము. వివాహమైన పిదప నటనకు స్వస్తి చెప్పదలంచిన భానుమతిగారు ఈ చిత్రముతో మరల తెరకెక్కి దేశమంతట ఖ్యాతి గాంచిరి. నేపథ్యమున పాడిన క్రొత్త గాయకులలో ఘంటసాల వేంకటేశ్వరరావుగారొకరు. అటుపిమ్మట ముప్పదియేండ్లు తెలుగువారి చెవులలో మ్రోగిన ఆ కంఠము తొలుత వినవచ్చినది ఇందులోనే.

యుద్ధానంతరము నారాయణస్వామిగారును, నరసింహారెడ్డిగారును కలిసి మదరాసులో వడపళని ప్రాంతమున వాహినీ స్టూడియోను నిర్మించిరి. నారాయణస్వామిగారు అల్పాయుష్కులై గతించిరి. స్టూడియో నాగిరెడ్డిగారి నిర్వహణములోనికి వచ్చి, విజయా వాహినీ యను పేర పెంపొందెను. కట్టినవారొకరు, పెంచినవారొకరు. నరసింహారెడ్డిగారు స్టూడియో యజమానిగా ధనము కూడబెట్టుట కంటె, దర్శకుడుగా ఒక కథను పట్టుకొని యేండ్లకొలది తపించుటకే యిష్టపడిరి.

మల్లీశ్వరి

స్వర్గసీమ తరువాత ఆఱు సంవత్సరములు వారి దర్శకత్వమున ఏ చిత్రమును రాలేదు. 1951 డిసెంబరులో మల్లీశ్వరి వచ్చెను. బుచ్చిబాబుగారి నాటికనుండియు, ఒక ఆంగ్లపత్రికలో వెలువడిన కథనుండియు బీజము గ్రహించి, దానికి పూర్తి రూపము కల్పించుటకు వారు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని పిలిపించిరి. భావకవితకు పట్టముగట్టిన ఆ మహాకవి అంతకుమున్ను సినిమాకు కలము పట్టియుండలేదు. సంభాషణములును, గీతములును వారే రచించిరి. సాలూరి రాజేశ్వరరావుగారు స్వరములు కూర్చగా, అద్దేపల్లి రామారావుగారు వాద్యగోష్ఠిని చూచుకొనిరి. శేఖర్‌గారు విజయనగరపు వీధులను, మండపములను, అంతఃపురములను స్టూడియో ఆవరణములో లేపిరి. ఆది ఇరానీగారు, కొండారెడ్డిగారు కెమెరా పట్టిరి.

కథ చిన్నది. నాగరాజు శిల్పి, మల్లి అతని మఱదలు. మాఱువేషమున వచ్చిన రాయలవారిముందు మల్లి నాట్యమాడును. మల్లికి పల్లకి పంపుడని నాగరాజు వేళాకోళముగా పలికిన మాట నిజమై, రాణివాసపు పల్లకి యింటికి వచ్చును. ఒకసారి రాణివాసము చేరిన పిల్ల వెలుపలికి రాకూడదు, పరపురుషుడు లోపలికి పోకూడదు, పోయినచో శిరచ్ఛేదము. రాజు దుష్టుడు కాడు, దయాళువే. అయినను ఆయన యిచ్చిన గౌరవమే ఆ యిద్దఱు పేదలకు సంకెలయైనది. ఇట్టి కథలో దుర్మార్గుడైన ప్రతినాయకుడు లేకయే ప్రేక్షకుని గుండె పట్టుకొనునట్లు నడుపుట సామాన్యుల వలన కాదు. నందమూరి తారకరామారావుగారును, భానుమతిగారును ఆ యిరువురి పాత్రలలో లీనమైరి.

ఆ సంవత్సరముననే మార్చిలో తమ్మునిగారి విజయా సంస్థనుండి వెంకటరెడ్డిగారి దర్శకత్వమున పాతాళభైరవి వచ్చి ధనవర్షము కురిపించెను. మల్లీశ్వరికి అట్టి ధనయోగము పట్టలేదు. కాని యేండ్లు గడచినకొలది దాని కీర్తి పెరిగెను. 1953లో చైనా దేశమునందు పీకింగు నగరమున ఆ దేశభాషలో క్రింద వ్రాతలతో అది ప్రదర్శింపబడెను. నేటికిని తెలుగు చిత్రములలో ఉత్తమములైనవానిని లెక్కపెట్టువారెవరైనను మొదటి వ్రేలు మల్లీశ్వరికే మడుతురు.

రాష్ట్రపతి పతకములు, తరువాతి చిత్రములు

కేంద్రప్రభుత్వమువారు చలనచిత్రములకు పురస్కారము లిచ్చుట 1954లో ఆరంభించిరి. 1955వ సంవత్సరపు తెలుగు చిత్రములలో ఉత్తమమైనదిగా బంగారుపాపకు రాష్ట్రపతి రజతపతకము లభించెను. ఆంగ్ల నవలాకర్త్రి జార్జి ఇలియట్ 1861లో ప్రకటించిన సైలస్ మార్నర్ దానికి మూలము. గాలివాన యను కథచే ప్రపంచ కథానికల పోటీయందు బహుమతి గాంచిన పాలగుమ్మి పద్మరాజుగారిని రావించి, ఆ సీమ కథను మన పల్లెకథగా మలపించిరి. లోకముచేత మోసపోయి రాయివలె మాఱిన కోటయ్యకు దిక్కులేని పసిపాప దొరకుటయు, ఆ పాపచేత అతడు మరల మనుష్యుడగుటయు అందలి సారము. ఎస్. వి. రంగారావుగారి నటనలో తలమానికమైన పాత్రలలో కోటయ్య యొకటి.

బంగారుపాప తరువాత పొన్నలూరి సోదరుల సంస్థకై వారు తీసిన భాగ్యరేఖకు 1957వ సంవత్సరమునకుగాను మరల రాష్ట్రపతి రజతపతకము వచ్చెను. ఇది ఆదరణ కరవైన యువతి కథ. జమునగారు నాయిక, తారకరామారావుగారు నాయకుడు. 1960లో వాహినీ పేర రాజమకుటమను జానపద చిత్రమును తెలుగునను, తమిళమునను తీసిరి. 1964లో మునిపల్లె రాజుగారి నవల ఆధారముగా పూజాఫలము వచ్చెను. అక్కినేని నాగేశ్వరరావుగారు, సావిత్రిగారు, జమునగారు నటించిన ఆ చిత్రము, స్త్రీలయెదుట నోరు మెదపలేని ఒక సంపన్న యువకుని మనస్సును సున్నితముగా విప్పిచూపెను.

1966వ సంవత్సరపు చిత్రములలో రంగులరాట్నమునకు ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము లభించెను. పల్లె విడిచి పట్నము చేరిన కుటుంబమునందలి అన్నదమ్ములు పదవీవ్యామోహముచే ఎన్నికలలో ఒకరినొకరు ఢీకొనుట అందలి కథ. తల్లిగా అంజలీదేవిగారు నటించిరి. చంద్రమోహన్‌గారు నటులుగా లోకమునకు పరిచయమైనది ఇందులోనే. తరువాతి కాలమున హిందీ రంగమున రేఖ యను పేర విఖ్యాతి గాంచిన భానురేఖగారు పసిపిల్లగా ఇందు కానవచ్చిరి. అప్పటికి దర్శకులకు దాదాపు అఱువది యేండ్లు. ఆ వయస్సున క్రొత్తముఖములతో, ఎన్నికల రాజకీయములపై చిత్రము తీయుట వారి తెగువకు నిదర్శనము.

1969లో వచ్చిన బంగారుపంజరము వారి కడపటి చిత్రము. శోభన్‌బాబుగారును, వాణిశ్రీగారును అందు నటించిరి. 1939 మొదలు 1969 వఱకు ముప్పదియేండ్లలో వారు దర్శకత్వము వహించిన తెలుగు చిత్రములు పదునొకండు మాత్రమే.

1974లో భారతప్రభుత్వము వారికి పద్మభూషణ బిరుదము నొసగెను. ఆ సంవత్సరపు ఫాల్కే పురస్కారమును వారికే లభించెను. 1969లో ఆ పురస్కారమును నెలకొల్పిన పిదప దానిని బడసినవారిలో వీరు ఆఱవవారు. 1977వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, అఱువదితొమ్మిది నిండుటకు ఎనిమిది దినములుండగా, వారు పరమపదించిరి.

గుణగణములు

పదునొకండు చిత్రములనిన కొందఱికి అల్పముగా తోచవచ్చును. ఇల్లు సొంతము, సంస్థ సొంతము, తమ్మునిది దక్షిణదేశమున పేరుమోసిన స్టూడియో. తలంచుకొన్నచో ఏటికి రెండు చొప్పున తీసి కోట్లు గడింపగల యవకాశము వారికుండెను. వారు తలంచుకొనలేదు. కథ పక్వము కానిదే కెమెరా ముట్టకపోవుట, పాటలోని మాట నచ్చనిదే స్వరము కట్టనీయకపోవుట, దృశ్యము కుదరనిదే ముందునకు సాగకపోవుట వారి పద్ధతి. ఈ పద్ధతివలన ఖర్చు పెరిగెను. తమ సంస్థకు రాబడి తగ్గెను. నడుమ ఇతరుల సంస్థలకును పనిచేయవలసి వచ్చెను. వారి మార్గమున నష్టము లేదని చెప్పుట అసత్యమగును. నష్టము నెఱిగియే వారు ఆ మార్గమున నడచిరని చెప్పుట సత్యము.

వ్యాపారమున ఆఱితేరిన మన కులమువారికి ఈ విషయము కొంత కష్టముగా బోధపడును. లాభనష్టముల పట్టికతో చూచిన నాగిరెడ్డిగారు గెలిచినవారు, నరసింహారెడ్డిగారు వెనుకబడినవారు. కాని ఆ సోదరులిద్దఱును ఒకరినొకరు అట్లు కొలుచుకొనలేదు. అన్న తలపెట్టిన పనికి తమ్ముని స్టూడియో తోడ్పడెను. అన్న పెంచిన వెంకటరెడ్డిగారు తమ్మునికి విజయములు సమకూర్చిరి. ఒకరు సంస్థను పెంచిరి, ఒకరు విలువను నిలిపిరి. కుటుంబమునకైనను, కులమునకైనను ఈ రెండు విధముల మనుష్యులును కావలసినదే. మన సభలలో మొదటి విధమువారికి పూలదండలు సులభముగా లభించుచున్నవి. రెండవ విధమువారు బ్రతికియుండగా వారిని గుర్తించుట మనము అలవాటు చేసికొనవలెను.

మన కర్తవ్యము

వారు గతించి అర్ధశతాబ్దము కావచ్చుచున్నది. వడపళనిలో నాడు విజయనగరపు వీధులు లేచిన స్టూడియో నేడు లేదు. ఆ ఆవరణములలో నాగిరెడ్డిగారు నెలకొల్పిన వైద్యశాల, తరువాత వచ్చిన అంగడుల భవనము మొదలైనవి కానవచ్చుచున్నవి. పాతకాలపు ఫిల్ము త్వరగా నిప్పంటుకొను స్వభావము కలది, కాలము గడచినకొలది తనంతట చెడునది. ఆ కారణమున దక్షిణదేశపు తొలి టాకీలు ఎన్నియో నశించినవి. మిగిలినవానినైన జాగ్రత్తపఱచుట ధనవంతుల ధర్మము. సత్రమునకు, కల్యాణమంటపమునకు చందాలు వేయు మన దాతలు, నరసింహారెడ్డిగారి చిత్రముల మంచి ప్రతులను సంపాదించి నేటి సాధనములతో భద్రపఱచు పనికి కొంత కేటాయింపుడని మేము ప్రార్థించుచున్నాము. మన వసతిగృహములలోని విద్యార్థులకు ఏటికొకసారియైన వానిని చూపింపుడు. చలనచిత్రకళను అభ్యసింపగోరు పేదవిద్యార్థికి వారి పేర ఒక వేతనమును నెలకొల్పుడు. ఆ వేతనమును ఏ కులమువాడైనను పొందవచ్చునని నియమము వ్రాయుడు. కృష్ణశాస్త్రిగారిని, నాగయ్యగారిని, రాజేశ్వరరావుగారిని, రంగారావుగారిని కూడగట్టుకొని పనిచేసిన మహనీయుని పేర, కులము నడిగి యిచ్చు వేతనము శోభింపదు.

తుదకు ఒక మాట చెప్పవలసియున్నది. ఇది కొందఱు పెద్దలకు రుచింపకపోవచ్చును, అయినను చెప్పకున్న ఈ వ్యాసము వ్యర్థము. 1939లో నరసింహారెడ్డిగారు తమ మొదటి చిత్రమున కట్నమును నిరసించిరి. 1961లో కట్నమును నిషేధించు శాసనము వచ్చెను. శాసనము వచ్చి అఱువది యేండ్లు దాటినవి. నేడు మన యిండ్లలో జరుగు పెండ్లిండ్ల సంగతి మన మెల్లరము ఎఱుగుదుము. ఎకరములు, బంగారము, కారులు, పట్నములో ఇల్లు, ఇవి యన్నియు నోటితో చెప్పబడి, కాగితముపై వ్రాయబడకుండ చేతులు మాఱుచున్నవి. ఆడపిల్ల తండ్రి పొలము తెగనమ్ముచున్నాడు. మగపిల్లవాని తండ్రి దానిని కులమర్యాద యనుచున్నాడు. అట్టి పెండ్లికి పోయి విందారగించి, మఱునాడు ఈ సభకు వచ్చి నరసింహారెడ్డిగారు మావారని మనము చప్పట్లు కొట్టినచో, ఆ చప్పట్లకు విలువ యేమి?

వారిని మనవారని చెప్పుకొను హక్కు మనకు పుట్టుకవలన వచ్చినది. దానిని నిలుపుకొనుట మన నడవడివలన కావలెను. ఈ మహాసభయందు, కట్నము పుచ్చుకొనమని, ఈయమని ప్రమాణముచేయు యువకుల పేరుల పట్టిక నొకదానిని తెఱచి, దానికి బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారి పేరు పెట్టవలెనని మేము కార్యవర్గమువారికి విన్నవించుచున్నాము. మొదటి సంవత్సరము పది పేరులే వచ్చినను చాలును. వారు తీసినవియు పదునొకండు చిత్రములే కదా.